అర వేగంతో సాగాల్సిన అల అక్కడే ఎందుకు ఆగింది?

"నది ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రాజెక్టు చేస్తున్నాం. నదిని చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్కిస్తాం. గడుల సంఖ్య రెట్టింపు చేసినా జవాబు మారకపోతే లెక్క సరైనదేనని అందరూ అంటున్నారు. నిజమేనా?" కాకినాడ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని పంపిన ప్రశ్న ఇది. చదివాక ఇక వేరే ఉత్తరాల మీద మనసు నిలవలేదు.

నిజం కాదమ్మా. గడులు రెట్టింపు చేసినా, వెయ్యి రెట్లు చేసినా పిసరంత కూడా మారకుండా, మొదటి నుంచి చివరిదాకా తప్పుగానే ఉండే లెక్క ఒకటుంది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, పెన్సిలు చాలు. కాసేపట్లో మీ చేతనే చేయిస్తాను. ఆ తప్పు ఎక్కడ పుడుతోందో కళ్లారా చూస్తే, గత శతాబ్దపు గణితంలో నాకు అత్యంత ఇష్టమైన విషయం మీకూ దొరుకుతుంది.

ముందు నాలుగు ముక్కల్లో నేపథ్యం. గాలి, నీరు, వేడి, రోడ్డు మీద వాహనాల రద్దీ చోటును బట్టీ, కాలాన్ని బట్టీ మారుతుంటాయి. ఆ మార్పులను చెప్పేవి పాక్షిక అవకలన సమీకరణాలు. వాటిలో కాగితం మీద సాధించగలిగేవి బహు కొద్ది. మిగతావాటికి చోటును గడులుగా, కాలాన్ని అంగలుగా కోసుకుంటాం. ఒక్కో గడికి ఒక అంకె. పక్క గడుల అంకెలు చూసి, తర్వాతి అంగలో ఈ గడి అంకె ఎంతో లెక్కిస్తాం. సమీకరణం రేఖీయమైతే, అంటే రెండు జవాబులను కలిపితే వచ్చేదీ జవాబే అయితే, మనకు గట్టి భరోసా ఉంది. పీటర్ లాక్స్, రాబర్ట్ రిచ్ట్‌మయర్ 1956లో నిరూపించిన సిద్ధాంతం అది: గడుల లెక్క అసలు సమీకరణాన్ని పోలి ఉండాలి, అంగ అంగకూ తప్పులు పెచ్చుమీరకూడదు. ఈ రెండూ ఉంటే, గడులు చిన్నవయ్యేకొద్దీ జవాబు నిజానికి చేరి తీరుతుంది. తరగతి గదిలో నేర్చుకున్న ఈ భరోసానే చాలామంది జీవితాంతం మోస్తారు. అది రేఖీయ సమీకరణాలకు మాత్రమే అన్న షరతు దారిలో ఎక్కడో జారిపోతుంది.

అరేఖీయ సమీకరణాల్లో అతి సులువైనది తీసుకుందాం. డచ్ శాస్త్రవేత్త బర్గర్స్ పేరుతో చలామణీలో ఉన్న సమీకరణం అది. అందులో స్నిగ్ధతను, అంటే లోపలి రాపిడిని, వదిలేసిన రూపం మనకు చాలు. ఒక గీత వెంట సాగిపోతున్న రేణువులను ఊహించండి. ప్రతి రేణువూ తన వేగం మార్చుకోకుండా తన దారిన తాను పోతుంది. సమీకరణం చెప్పేది ఇంతే: ఒక చోట వేగం ఎంత చురుగ్గా తగ్గుతుందో తెలియాలంటే, అక్కడి వేగాన్ని అక్కడి వేగపు వాలుతో గుణించాలి. వేగం తన వాలుతో తానే గుణింపబడటం వల్లే ఇది అరేఖీయం. వెనకవాటి వేగం ఎక్కువ, ముందువాటి వేగం తక్కువ అయితే? వెనకవి ముందువాటిని అందుకుంటాయి. వాలు నిటారుగా లేస్తూ లేస్తూ ఒక క్షణాన గోడలా నిలబడుతుంది. ఆ పైన ఒకే చోట రెండు వేగాలు ఉండాల్సి వస్తుంది, అది కుదరదు. వేగం ఒక్కసారిగా తెగిపడే ఆ గోడనే షాక్ అంటారు. ధ్వనిని మించి ఎగిరే విమానం ముందు గాలిలో ఉండేది అదే. ఆనకట్ట తెగినప్పుడు నిండు నదిలో దూసుకొచ్చే నీటి గోడా అదే.

ఈ గోడ దగ్గర మహామహులే తడబడ్డారు. 1848లో కేంబ్రిడ్జ్ ఖగోళవేత్త జేమ్స్ చాలిస్, ధ్వని సమీకరణాల నుంచి ఒకే చోట రెండు వేగాలు వస్తున్నాయని చూపించి కలకలం రేపాడు. అదే ఏడాది జార్జ్ స్టోక్స్ దానికి విరుగుడు చెప్పాడు. గోడకు ఇరువైపులా ద్రవ్యరాశి లెక్కా, ద్రవ్యవేగం లెక్కా సరిపోతే చాలు, మధ్యలో తెగిన జవాబు కూడా జవాబేనన్నాడు. ఎంత దూరదృష్టి! కానీ శక్తి లెక్క తేలడం లేదని కెల్విన్, రేలీ అభ్యంతరపెట్టేసరికి స్టోక్స్ తలొగ్గాడు. 1883లో తన వ్యాసాల సంపుటి అచ్చవుతున్నప్పుడు ఆ ఆలోచనను ఉపసంహరించుకున్నాడు. ఒప్పు చెప్పినవాడే వెనక్కి తగ్గిన ఈ ఘట్టం తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. 1860లో రీమాన్ వాయువుల్లో ఇలాంటి అలల సమస్యను అద్భుతంగా సాధించాడు గానీ, షాక్ దాటేటప్పుడు ఎంట్రోపీ, అంటే శక్తి ఎంత చెదిరిపోయిందో కొలిచే రాశి, మారదని పొరబడ్డాడు. దాన్ని సరిదిద్దినవాళ్లు రాంకిన్, ఉగోనియో. షాక్ దాటినా ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, మొత్తం శక్తి నిలిచి ఉంటాయి, ఎంట్రోపీ మాత్రం పెరుగుతుంది.

ఏది నిలుస్తుందన్నదానికి ఇంత పట్టింపు ఎందుకు? మన చిన్న సమీకరణంలోనే చూడండి. గోడకు ఎడమవైపు అంతటా వేగం 1, కుడివైపు అంతటా 0. గోడ కుడివైపు సాగుతుంది, ఎంత వేగంతో? వేగాన్ని దాని వాలుతో గుణిస్తే వచ్చేది, వేగం వర్గంలో సగానికి ఉండే వాలుతో సమానం. కాబట్టి 'వేగం' అనే సరుకు ఒక చోటి నుంచి మరో చోటికి పారుతోందనీ, ఆ పారుదల వేగం వర్గంలో సగమనీ చదువుకోవచ్చు. ఎడమ అంచు నుంచి సెకనుకు 1/2 లోపలికి వస్తోంది. కుడి అంచు నుంచి ఏమీ పోవడం లేదు. లోపల సరుకు సెకనుకు 1/2 పెరగాలి, అంటే 1 ఉన్న మేర సెకనుకు 1/2 పొడవు పెరగాలి. గోడ వేగం 1/2.

ఇప్పుడు అదే సమీకరణాన్ని రెండువైపులా వేగంతో గుణించండి. వాలు నునుపుగా ఉన్నంతవరకు ఇది పూర్తిగా చట్టబద్ధమైన పని. ఈసారి సరుకు వేగం వర్గంలో సగం, పారుదల వేగం ఘనంలో మూడో వంతు అవుతుంది. సెకనుకు 1/3 వస్తోంది, ఒక్కో పొడవులో 1/2 సరుకు పడుతోంది. గోడ వేగం 2/3! సమీకరణం ఒక్కటే, నునుపైన జవాబులన్నీ ఒక్కటే, గోడ వేగాలు మాత్రం రెండు. ఏది నిజమో సమీకరణం చెప్పదు. ఏ సరుకు నిజంగా నిలుస్తుందో ప్రకృతిని అడిగి తెలుసుకోవాలి. వేగమే నిలిచే సరుకని మనం ఇక్కడ పెట్టుకున్న నియమం. కాబట్టి సరైన జవాబు 1/2.

ఇక పెన్సిలు తీసుకోండి. వేగం 1 అంటే అంగకు ఒక గడి అనుకుందాం. వరసగా గడులు గీసి, ఎడమవాటిలో 1, కుడివాటిలో 0 వేయండి. మొదటి పద్ధతి, సమీకరణాన్ని మొదట చెప్పినట్టే, అంటే వేగం, వాలు గుణకారంగా లెక్కిస్తుంది: గడిలోని అంకెను, ఆ అంకెకూ ఎడమ పక్క అంకెకూ ఉన్న తేడాతో గుణించి, ఆ ఫలితాన్ని గడిలోంచి తీసేయాలి. రేణువులు ఎడమ నుంచి వస్తున్నాయి కనుక ఎడమ పక్కకు చూడటం ఎంతో సబబుగా తోస్తుంది. 1 ఉన్న గడుల్లో పక్కగడితో తేడా 0, కాబట్టి మార్పు లేదు. 0 ఉన్న మొదటి గడిలో తేడా ఉంది కానీ, దాన్ని గుణించాల్సిన అంకె 0, కాబట్టి మార్పు లేదు. మిగతా గడుల్లో అన్నీ సున్నాలే. ఏ గడీ మారలేదు. తర్వాతి అంగలోనూ మారదు, ఎప్పటికీ మారదు. అర వేగంతో సాగాల్సిన అల అక్కడే ఆగిపోయింది. గడులు రెట్టింపు చేయండి, అదే జవాబు. కోటి చేయండి, అదే. అంకెలు గంతులేయడం, పేలిపోవడం లాంటివేమీ ఉండవు. చూడటానికి ఇంతకంటే బుద్ధిమంతమైన లెక్క ఉండదు.

రెండో పద్ధతి పారుదలను లెక్కిస్తుంది. గడిలోని అంకె వర్గంలో సగం ఆ గడి కుడి గట్టు దాటి పోతుంది, ఎడమ గడి అంకె వర్గంలో సగం ఎడమ గట్టు దాటి వస్తుంది. వచ్చింది కలిపి, పోయింది తీసేయడమే. మొదటి సున్నా గడిలోకి 1/2 వచ్చింది, పోయింది ఏమీ లేదు, కాబట్టి అది 1/2 అయింది. రెండో అంగలో దానిలోకి మళ్లీ 1/2 వచ్చి, 1/2 వర్గంలో సగమైన 1/8 పోయింది. మిగిలింది 7/8. పక్క గడి 1/8 అయింది. మూడో అంగ ముగిసేసరికి మూడు గడుల్లో వరసగా 127/128, 1/2, 1/128 ఉంటాయి. ఇప్పుడు కూడండి. మొదటి అంగ తర్వాత మొత్తం 1/2, రెండో అంగ తర్వాత 1, మూడో అంగ తర్వాత ఒకటిన్నర. అంగకు సరిగ్గా అర గడి చొప్పున అల ముందుకు జరిగింది. అంచు కాస్త అలుక్కుపోయింది గానీ, వేగం కచ్చితం. ఉజ్జాయింపు లెక్క నుంచి రవ్వంత తేడా లేకుండా 1/2 రావడం చూసి ఎన్నిసార్లయినా ఆశ్చర్యపోవచ్చు!

కారణం వరి మడుల్లో కనిపించేదే. ఎగువ మడి గట్టుకు గండి కొట్టి వదిలిన నీరే దిగువ మడికి చేరుతుంది, మధ్యలో పుట్టేదీ పోయేదీ లేదు. రెండో పద్ధతిలో ఒక గడి ఖర్చు పక్క గడికి జమ. అన్నీ కూడితే లోపలి గట్ల లెక్కలన్నీ కొట్టుకుపోయి, రెండు చివరల పారుదల మాత్రమే మిగులుతుంది. మధ్యలో అలను ఎంత వికారంగా గీసినా మొత్తం తప్పదు, కాబట్టి గోడ ఉండే చోటూ తప్పదు.

మరి మొదటి పద్ధతిలో సరుకు ఎటు పోయింది? రెండు పద్ధతులూ తీసేసే మొత్తాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది రెండోదానికంటే ప్రతి గడిలో అదనంగా, పక్క గడితో ఉన్న తేడా వర్గంలో సగాన్ని మింగేస్తోంది. ఈ వ్యాసం మొత్తానికి కీలకం ఈ చిన్న పదమే. వేగం 1 నుంచి 0కి మెత్తగా, 1000 గడుల మీదుగా దిగుతోందనుకోండి. పక్క గడితో తేడా 1/1000. దాని వర్గంలో సగం 20 లక్షల్లో ఒక వంతు. 1000 గడుల్లోనూ కలిపి అంగకు మింగేది 1/2000 మాత్రమే. అదే వాలును 10 లక్షల గడులుగా కోస్తే మింగేది మొత్తం 20 లక్షల్లో ఒక వంతుకు పడిపోతుంది. గడులు చిన్నవైతే తప్పు మాయమవుతుందన్న నమ్మకం ఇక్కడ అక్షరాలా నిజం. కానీ గోడ దగ్గర? ఎంత సన్నగా కోసినా ఒక గడిలో 1, పక్క గడిలో 0. తేడా 1, దాని వర్గంలో సగం 1/2. ఎడమ అంచు నుంచి అంగకు వస్తున్న 1/2 మొత్తాన్నీ ఆ ఒక్క గడి మింగేస్తోంది. గడులను చిన్నవి చేయడం వల్ల ఆ నోరు చిన్నదవదు. గోడకు ఇరువైపులా ఉన్న వేగాలు 1, 0 కాక వేరేవైతే అల పూర్తిగా ఆగకుండా తప్పు వేగంతో నడుస్తుంది. ఆ తప్పు వేగానికే చక్కగా స్థిరపడుతుంది కూడా. నిత్యత్వం, అంటే సరుకు జమాఖర్చు, పాటించని పద్ధతులు తప్పు జవాబుకు ఎందుకు చేరతాయో థామస్ హౌ, ఫిలిప్ లెఫ్లాక్ 1994లో ఒక పరిశోధనా పత్రంలో వివరంగా తేల్చారు. గోడ ఉన్న చోటల్లా పద్ధతే సరుకును పుట్టిస్తుంది లేదా మింగుతుంది, ఆ మొత్తం సున్నాకు చేరదు.

గడుల మధ్య జమాఖర్చు పాటించే పద్ధతులకు భరోసా 1960లో వచ్చింది. లాక్స్, బర్టన్ వెండ్రాఫ్ నిరూపించినదేమిటంటే, అలాంటి పద్ధతి జవాబులు గడులు చిన్నవయ్యేకొద్దీ ఏదో ఒక చోటికి చేరుతుంటే, ఆ చేరే చోటు నిత్యత్వ నియమాన్ని పాటించే జవాబే అవుతుంది. నిరూపణ రెండు పేజీలకు మించదు. పెన్సిలుతో ఇప్పుడు చేసిన కూడికే దాని గుండెకాయ. హంగేరీలో పుట్టి, 1941లో అమెరికా చేరి, ఇరవై ఏళ్లయినా నిండకముందే లాస్ అలమోస్‌లో పని చేసిన లాక్స్‌కు 2005లో ఏబెల్ బహుమతి వచ్చింది. 2025 మేలో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన సరిదిద్దిన పొరపాట్లలో ఒకటి జాన్ వాన్ న్యూమన్‌ది కావడం ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు. 1944లో వాన్ న్యూమన్ షాక్‌లను లెక్కించడానికి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. గోడ దాటాక అంకెలు గడి గడికీ ఎగిరెగిరి పడ్డాయి. ఆయన కంగారుపడలేదు. షాక్‌లో నిజంగానే వేడి పుడుతుంది కదా, ఈ ఎగిరిపాటు అణువుల కదలిక లాంటిది, సగటు తీస్తే సరైన జవాబే వస్తుందని ఊహించాడు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! కానీ అరేఖీయత దాన్ని నిలవనివ్వదు. ఒక గడిలో 0, పక్క గడిలో 1 చొప్పున ఎగిరిపడుతుంటే సగటు 1/2, దాని వర్గం 1/4. వర్గాల సగటు మాత్రం 1/2. పారుదల వర్గం మీద ఆధారపడుతుంది కనుక సగటు వేగం సమీకరణాన్ని పాటించదు. 1988లో జోనథన్ గుడ్‌మన్‌తోనూ, 1991లో హౌతోనూ కలిసి లాక్స్ దీన్ని తేటతెల్లం చేశారు. వాన్ న్యూమన్ అప్పటికే దారి మార్చుకున్నాడు. 1950లో రిచ్ట్‌మయర్‌తో కలిసి, గోడను కొద్ది గడుల మందాన పరిచే కృత్రిమ స్నిగ్ధతను తెచ్చాడు. నేటికీ అది వాడుకలో ఉంది.

కచ్చితత్వం పెంచుతూనే ఎగిరిపాటు లేకుండా చేయలేమా? గడుల అంకెలను స్థిర గుణకాలతో కలిపే ఏ పద్ధతికీ అది సాధ్యం కాదని సోవియట్ గణితవేత్త సెర్గేయ్ గొదునోవ్ 1959లో నిరూపించాడు. ఎగిరిపాటు లేకపోతే మొదటి తరగతి కచ్చితత్వంతో, అంటే గడిని సగం చేస్తే తప్పు సగమే తగ్గడంతో సరిపెట్టుకోవాలి. దీన్ని తప్పించుకునే దారి పద్ధతినే అరేఖీయం చేయడం: వాలు మెత్తగా ఉన్న చోట ధైర్యంగా, గోడ దగ్గర జాగ్రత్తగా లెక్కించేలా. మాస్కో దగ్గర కోల్గన్ 1972లో, నెదర్లాండ్స్‌లో బ్రామ్ వాన్ లీర్ 1970ల్లో వేర్వేరుగా ఆ దారి వేశారు. కోల్గన్ పని దశాబ్దాల పాటు బయటి ప్రపంచానికి తెలియలేదు.

జమాఖర్చు సరిపోతే ఇక చింత లేదా? ఉంది. మళ్లీ గడులు గీసి ఎడమవాటిలో −1, కుడివాటిలో 1 వేయండి. ఇక్కడ రేణువులు ఒకదానికొకటి దూరంగా పోతున్నాయి. నిజానికి మధ్యలో వేగం మెత్తని వాలుగా విప్పారాలి. కానీ −1 వర్గమూ 1, 1 వర్గమూ 1. ప్రతి గట్టు దగ్గరా పారుదల 1/2 అని వేసుకుంటే వచ్చిందీ పోయిందీ సమానం, ఏ గడీ కదలదు. లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోయింది, జవాబు మాత్రం తప్పు. ఎంట్రోపీ తగ్గే దిశలో ఉన్న గోడ ఇది, ప్రకృతిలో నిలబడదు. 1981లో ఫిలిప్ రో ఇచ్చిన పద్ధతి ఎంతో ప్రసిద్ధం. సరిగ్గా ఈ ఉదాహరణలో అది కూడా కదలదు, దానికి విడిగా మందు వేయాలి. గొదునోవ్ పద్ధతికి ఆ ఇబ్బంది లేదు. అది ప్రతి గట్టు దగ్గరా, ఇరువైపులా వేర్వేరు అంకెలతో మొదలైతే ఏమవుతుందనే రీమాన్ సమస్యను నిజంగా సాధించి చూస్తుంది. విప్పారే వాలు మధ్యలో వేగం 0 కనుక ఆ గట్టు పారుదల 0 అని తెలుసుకుంటుంది, వెంటనే ఇరుపక్కల గడులూ కదులుతాయి. 1860 నాటి సమస్య, దాని తప్పు దిద్దుకుని, 1959 నాటి పద్ధతికి ప్రాణమైంది.

ఇక విద్యార్థిని ప్రాజెక్టు సంగతి. నది నీటికి నిలిచేవి నీటి పరిమాణం, ద్రవ్యవేగం. నీటి గోడలో శక్తి సుడులుగా, వేడిగా ఖర్చయిపోతుంది. స్టోక్స్‌కు అడ్డు చెప్పిన రేలీయే 1914లో నీటి గోడల గురించి రాస్తూ శక్తి నష్టపోక తప్పదని చూపించాడు. సమతలమైన నదిలో 1 మీటరు లోతున నిశ్చలంగా ఉన్న నీటి మీదికి 4 మీటర్ల లోతున్న నీటి గోడ వస్తోందనుకుందాం, రాపిడిని వదిలేద్దాం. పరిమాణం, ద్రవ్యవేగం నిలిపి లెక్కిస్తే గోడ వేగం సెకనుకు 9.9 మీటర్లు. ద్రవ్యవేగానికి బదులు వేగపు సమీకరణాన్ని వాడి, శక్తి పోలేదన్నట్టు లెక్కిస్తే 7.9 మీటర్లు. 10 కిలోమీటర్ల దిగువన ఉన్న ఊరికి మొదటి లెక్కలో 17 నిమిషాల్లో, రెండో లెక్కలో 21 నిమిషాల్లో నీరు చేరుతుంది. ఆ 4 నిమిషాలను తప్పు లెక్క ఊరివాళ్లకు లేని గడువుగా చూపిస్తుంది. గడులు ఎంత చిన్నవి చేసినా ఆ తేడా అక్కడే ఉంటుంది. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోవడం చూసినవాళ్లకు నిమిషాల విలువ చెప్పనక్కర్లేదు.

ఇంత తెలిసినా, ఆనకట్ట తెగితే ఏమవుతుందో అంచనా వేసే నివేదికల్లో నేను చూసినవి గడి పొడవెంతో, అంగ ఎన్ని సెకన్లో, మ్యాపుల రంగులేమిటో పేజీల కొద్దీ చెబుతాయి. ఏ రూపంలోని సమీకరణాన్ని లెక్కించారో ఒక్క వాక్యమైనా రాయవు. అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం ఉచితంగా ఇచ్చే, నదీ ప్రవాహాలను లెక్కగట్టే హెక్-రాస్ సాఫ్ట్‌వేర్‌లో, ద్రవ్యవేగాన్ని మరింత కఠినంగా నిలిపే విధానం 2021లో 6.0 వెర్షన్‌తో వచ్చింది. అది ఒక ఎంపిక మాత్రమే, వాడేవాళ్లు కోరి ఎంచుకోవాలి. మీ ప్రాజెక్టులో ఏది ఎంచుకున్నారో మొదటి పేజీలోనే రాయండి. లెక్క మొదలైన క్షణంలో మొత్తం నీరెంత, చివరి అంగలో అన్ని గడుల్లో కలిపి ఎంత, అంచులు దాటి పోయింది ఎంత, ఈ మూడు అంకెలూ పక్కనే వేయండి. ఆ పైన 4 మీటర్లు, 1 మీటరు ఉదాహరణను మీ ప్రోగ్రామ్‌కే ఇచ్చి, గోడ వేగం 9.9 వస్తుందో లేదో చూసి మళ్లీ ఉత్తరం రాయండి.